నేల ఊడ్చిన అడవి

నిన్న పొద్దున మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఏదో పచ్చదనం పోటీలో మా సొసైటీకి బహుమతి వచ్చిందట. కమిటీవాళ్ళూ, వాళ్ళ మధ్యలో సెక్రటరీ అయిన మా అల్లుడూ, ఒక పెద్ద అద్దపు పలకను తలో చెయ్యీ వేసి పట్టుకొని చెట్ల కింద నిలబడి నవ్వుతున్నారు. కాసేపట్లోనే చప్పట్ల బొమ్మలతో ఫోను నిండిపోయింది. నేనూ ఒకటి పెట్టాను. అల్లుడి ఇంట్లో ఉంటూ అల్లుడి సంఘానికి చప్పట్లు కొట్టని మామ అనిపించుకోవడం ఈ వయసులో ఎందుకు చెప్పండి. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకొని, ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి, మనుషుల ముఖాలు వదిలేసి వాళ్ళ చెప్పుల కింది నేలను చూశాను. ఒక ఎండు పుల్ల లేదు, ఒక రాలిన ఆకు లేదు, చీపురు గీతలు మాత్రం ఉన్నాయి. మనుమరాలు ఇంట్లో ఉన్న రోజున మా హాలు కూడా అంత శుభ్రంగా ఉండదు. నా ఈడువాళ్ళలో అడవి శాఖ ఉప్పు తిన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ నేలను చూసి నా మనసు ఎందుకు చెడిందో వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మిగిలినవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్ళాలి.

నాకు అటవీ శాఖలో, అందులోనూ ఎవరికీ పెద్దగా పట్టని పరిశోధనా విభాగంలో, ఉద్యోగం దొరికిన కొత్తల్లో నల్లమలలో ఒక చిన్న ఊరి పక్కన క్వార్టర్సు ఇచ్చారు. పెంకుల ఇల్లు, ముందు చేదబావి, వెనక నాలుగడుగులు వేస్తే అడవి. మాది నంద్యాల, మా నాన్న మిషన్ బడిలో పంతులు, పెళ్ళయి ఏడాదయినా కాని మా ఆవిడను తీసుకొని, రెండు ట్రంకుపెట్టెలతో ఆ అడవిలో కాపురం పెట్టాను. నా పని నలుగురిలో చెప్పుకుంటే నవ్వులాటగా ఉండేది. చెట్లకు నడుము కొలత తీయడం. ప్రతి చెట్టుకూ ఛాతీ ఎత్తులో ఎర్రరంగుతో గీత గీసి ఉండేది. ఏటా వానలు వెనకబట్టాక ఆ గీత మీదుగానే టేపు చుట్టి, నిరుటికంటే ఎంత లావయిందో చూసేవాళ్ళం. మా మామగారిని ఎవరైనా అల్లుడేం చేస్తాడని అడిగితే, ఫారెస్టులో ఆఫీసరని ఒక్క ముక్కలో చెప్పేసి, వెంటనే వాళ్ళ పొలాల సంగతి ఎత్తేవారట.

మేము కొలిచే అడవి రెండు భాగాలు. ఒక భాగంలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు రాలిన కట్టె ఏరుకుపోవచ్చు. ఇంకో భాగంలోంచి మాత్రం పుల్ల కూడా కదలకూడదు. కొమ్మ విరిగితే విరిగినచోట, మాను పడితే పడినచోట, అలా కుళ్ళి మట్టిలో కలిసిపోవాల్సిందే. కింద చచ్చిన కట్టె ఉంటే పైన బతికున్న చెట్టు ఎలా పెరుగుతుంది, లేకపోతే ఎలా పెరుగుతుంది, ఇదే మా విభాగంవాళ్ళు తేల్చుకోవాలనుకున్న విషయం. ఊళ్ళవాళ్ళతో నాకు పేచీ రాలేదు, పాపం వాళ్ళు హద్దురాయి దాటేవాళ్ళే కాదు. పేచీ అంతా ఇంట్లోనే వచ్చింది. ఎందుకంటే ఆ కదపకూడని భాగం సరిగ్గా మా వంటింటి వెనకాల మొదలయ్యేది, మా ఆవిడ వండేదేమో కట్టెల పొయ్యి మీద. ముసురు పట్టిందంటే ఇంట్లో ఉన్న కట్టెలు చెమ్మగిల్లి ఊదీ ఊదీ ఆవిడ కళ్ళు ఎర్రబడేవి, కిటికీలోంచి చూస్తే మానులకు మానులే కనపడేవి.

"కుళ్ళిపోయే కట్టెలకు కాపలా కాస్తారు గానీ, ఇంట్లో పొయ్యికి ఒక పుల్ల తెచ్చిద్దామని మాత్రం లేదు మీకు. ఈ చోద్యం యాడన్నా ఉందా?" అనేది. నేను సర్కారు వారి రూలని ఏదో గొణిగేవాడిని. అన్నం సగం ఉడికి దిగిన రోజుల్లో ఆ రూలునే కూరలో కలుపుకొని తినమనేది.

ఆ వానాకాలమే ఒక గాలివానకు ఇంటి వెనకాలి పెద్ద నల్లమద్ది వేళ్ళతో సహా పడిపోయింది. పడిన మాను పక్కనే చిరుమాను జాతి మొక్కలు కొన్ని, చెయ్యంత లావువి, ఉండేవి. కట్టె కుళ్ళితే ఎరువవుతుంది, ఎరువయితే పక్క చెట్లు బలుస్తాయి, ఇంతే కదా అనుకున్నాను నేను. తీరా ఏడాది తిరిగాక టేపు చుడితే, అవి దూరాన ఉన్నవాటికంటే వెనకబడ్డాయి, ఆకులు కూడా కాస్త పాలిపోయాయి. మా ఆవిడకు ఇంతకంటే ఏం కావాలి. తన పొయ్యికి దక్కని కట్టె ఎవరికీ ఉపకారం చేయలేదని వారం రోజులు సంబరపడింది. మా పైఅధికారి మాత్రం తొందరపడొద్దన్నారు. కట్టెను తినే బూజులకూ సూక్ష్మజీవులకూ నేలలోని సత్తువ ముందు కావాల్సి వస్తుందనీ, అవి తమ వంతు తీసుకొని, తిని, చచ్చి, మళ్ళీ నేలకే ఇచ్చేదాకా పక్క మొక్కలు ఆకలితో ఉండవచ్చుననీ, ఆ మాట నిజమో కాదో తేలాలంటే కూడా ఓపిక పట్టాల్సిందేననీ ఆయన చెప్పారు. ఓపిక పట్టడం తప్ప మా విభాగానికి వేరే పనీ లేదు లెండి.

అలా ఏళ్ళు గడిచాయి. మాను బెరడు ఊడింది, చెదలు మట్టి కట్టాయి, వానకు తెల్లటి కుక్కగొడుగులు లేచాయి, వడ్రంగిపిట్టలు పొద్దస్తమానం పొడిచేవి. మా అమ్మాయి కడుపులో ఉన్న ఎండాకాలం మా ఆవిడకు వంటింట్లో ఉక్క భరించలేక సాయంత్రాలు ఆ మాను దగ్గరికి పోయి కూర్చోవడం అలవాటయింది. అడవంతా ఆకు రాల్చేసి నేల పెంకులా ఎండిపోయిన రోజుల్లో ఒకనాడు నన్ను కేకేసి పిలిచి, మాను కింద చెయ్యి పెట్టి చూడమంది. చూశాను. నేల చల్లగా, తడిగా ఉంది. ఎక్కడా చుక్క నీళ్ళు లేని వేసవిలో ఆ కుళ్ళిన కట్టె పోయిన వానలను ఇంకా దాచుకొనే ఉంది. అప్పటికి ఆ చిరుమాను చెట్లు తేరుకోవడమే కాదు, మిగిలినవాటిని దాటిపోయాయి కూడా. ఆ ఏడు కొలతకు నాతోపాటు మా ఆవిడా వచ్చి టేపు రెండో కొస పట్టుకుంది. అటు తర్వాత ఇంటికి వచ్చిన చుట్టాలెవరైనా వెనకనుంచి పుల్ల ఏరబోతే నాకంటే ముందు ఆవిడే గుమ్మంలోంచి కేకలు వేసేది. తర్వాత నాకు బదిలీ అయింది. ఆ ఇల్లు వదిలేటప్పుడు ఆవిడ ఏడ్చింది గానీ, ఎందుకని నేను అడగలేదు.

ఇవన్నీ ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు మా ఆవిడ చెప్పలేని స్థితిలో ఉంది కనుక. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. విన్నది అర్థమవుతుంది, చెప్పాలని ఉంటుంది, గొంతులోంచి మాత్రం వట్టి శబ్దమే వస్తుంది. మా అమ్మాయి ఇక్కడ గచ్చిబౌలిలో నర్సు. అమ్మను చూసుకోవడానికి తన దగ్గరే వీలని, నంద్యాల ఇల్లు అద్దెకిచ్చి, మమ్మల్నిద్దరినీ రాయదుర్గంలో వాళ్ళ ఫ్లాటుకు తెచ్చుకుంది. అల్లుడు సాఫ్ట్‌వేరు ఉద్యోగి, నెమ్మదస్తుడు. మమ్మల్ని పరాయిగా చూసిన రోజు ఒక్కటి కూడా లేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఇందులో తప్పు ఫలానావాళ్ళదని చూపించడానికి నాకు ఎవరూ దొరకడం లేదు.

మా టవర్లకూ వెనక గోడకూ మధ్య బండరాళ్ళతో కొంత నేల అలాగే మిగిలిపోయింది. కట్టినవాళ్ళు ఆ బండల జోలికి పోలేక వదిలేశారట. వదిలేసినదానికి ఫారెస్ట్ వ్యూ అని పేరు పెట్టి, అటువైపు ఫ్లాట్లకు ధర పెంచారట. వేపలు, రేలలు, సీతాఫలం పొదలు, అన్నిటికీ నడుమ మా మూడో అంతస్తు బాల్కనీకి ఎదురుగా ఒక పెద్ద నెమలినార చెట్టు. దాని కింద ఎప్పుడో విరిగిపడిన లావుపాటి కొమ్మలు పుచ్చిపోతూ పడి ఉండేవి. మా ఆవిడ చక్రాల కుర్చీని ఆ బాల్కనీలో వేస్తే మధ్యాహ్నం దాకా నీడ. దవాఖాన నుంచి వచ్చాక గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, ఆ పుచ్చిన కొమ్మ మీద వడ్రంగిపిట్ట వాలిన రోజున నా చెయ్యి పట్టుకొని గుంజి చూపించింది. అప్పటినుంచి ఆవిడకు పొద్దు అక్కడే గడిచేది. ఆకుల్లో పురుగులు ఏరుకునే పిట్టలనూ, కొమ్మల కింద దూరే ముంగిసనూ చూసి సగం మూతితోనే నవ్వేది. ఫిజియోథెరపీ అమ్మాయి కనీసం బాగున్న ఎడమచెయ్యినైనా ఎత్తించడానికి తంటాలు పడుతుంటే, ముంగిసను చూపించడానికి ఆ చెయ్యి దానంతటదే లేచేది.

తర్వాత ఎవరో గ్రూపులో పాము ఫొటో పెట్టారు. అది జెర్రిపోతు, విషం లేనిదే. ఆ మాట రాద్దామని నేను తెలుగు అక్షరాలు వెతుక్కునేలోపు నలభై మెసేజులు వచ్చిపడ్డాయి. ఆదివారం మీటింగు పెట్టారు. ఆ నేలంతా కట్టె, ఆకు లేకుండా శుభ్రం చేయించాలనీ, ఇకమీదట రోజూ ఊడిపించాలనీ ప్రతిపాదన. నాకు కూడా మాట్లాడే అవకాశం ఇచ్చారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ మంత్రిముందూ నోరు విప్పని నేను, లేచి నిలబడి, చచ్చిన కట్టె నేలకు ఏం చేస్తుందో, అది తీసేస్తే తడి ఎలా పోతుందో, చెట్లు ఎలా నీరసిస్తాయో చేతనైనంత చెప్పాను. చెవిలో వైర్లు పెట్టుకున్న కుర్రవాడు ఒకడు నిజంగా శ్రద్ధగానే అడిగాడు.

"అంకుల్, అట్లనే వదిలేస్తే ఎన్ని రోజులకు రిజల్ట్ కనబడ్తది?"

రోజులు కాదు బాబూ, ఏళ్ళు పడుతుందన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. కొలతలు తీసిన చెయ్యి కదా, అబద్ధం ఆడలేక, కొత్తగా పడిన కట్టె పక్కన మొదట్లో చెట్లు వెనకబడే అవకాశం కూడా ఉందని నల్లమద్ది సంగతి పూర్తిగా చెప్పేశాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడికక్కడే ఫోన్లలో ఓటు పెట్టారు, ప్రతిపాదన నెగ్గింది. ఆ రాత్రి అన్నాల దగ్గర అల్లుడు నా వైపు చూడకుండా అన్నాడు.

"మామయ్యా, మీరు చెప్పింది నాకు అర్థమైంది. కానీ రేపు ఏ పిల్లనో పాము కరిస్తే వాళ్ళ అమ్మానాన్నలకు నేనేం చెప్పను?"

మా మనుమరాలు కూడా ఆ బండల మీదే ఆడుకుంటుంది మరి.

శుభ్రం చేసిన రోజున మా ఆవిడ కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. కొమ్మలను ఈడ్చుకుపోయి లారీలో వేస్తుంటే రెయిలింగు పట్టుకొని శబ్దం చేసింది, నన్ను కిందికి పొమ్మని చేత్తో తోసింది. వెళ్ళాను. వెళ్ళి అక్కడ నిలబడి వచ్చాను. పైకి వచ్చాక ఆవిడ నా మొహంలోకి చూసి, తల తిప్పుకుంది.

ఊరుకోలేక నేనొక పిచ్చిపని మొదలుపెట్టాను. పొద్దున్నే నడకకు పోయినప్పుడు వీధిలో ఎక్కడ విరిగిన కొమ్మ కనపడితే అది చేత్తో పట్టుకొచ్చి నెమలినార మొదట్లో పడేసేవాడిని. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు ముసలాయనకు మతి తప్పిందనుకున్నారేమో, ఏమీ అనేవాళ్ళు కాదు. తెల్లారేసరికి ఆ కొమ్మలు ఉండేవి కావు. కొన్నాళ్ళకు అక్కడ ఊడ్చే అమ్మాయి, మహబూబ్‌నగర్ వైపు మనిషి, చీపురు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"సారూ, మీరు పెద్దోళ్ళు, నేను మీకు చెప్పేంత దాన్ని గాదు. గానీ గిట్ల కట్టెలు తెచ్చి ఏస్తే, పని చేస్తలేనని మా సూపర్‌వైజర్ నన్నే అంటుండు. జర ఆపుండ్రి."

ఆపేశాను. చెట్టును కాపాడబోయి ఆ అమ్మాయి నౌకరీకి ఎసరు పెట్టడం ఏం న్యాయం?

ఆ తర్వాత వచ్చిన రెండు ఎండాకాలాల్లో నెమలినార పైనుంచి ఎండుతూ వచ్చింది. కట్టె తీసేసినందుకే ఎండిందని నేను ఒట్టేసి చెప్పలేను. పక్క స్థలంలో కొత్త టవరుకు లోతుగా తవ్వారు, వేళ్ళు తెగి ఉంటాయి, బోర్లు ఎండాయి, రోజూ తొక్కి ఊడ్చిన నేల గట్టిపడి వాన ఇంకకుండా కాలవల్లోకి పోయింది. ఇన్నిటి మధ్య, ఆ కొమ్మలు ఉండి ఉంటే కాస్త తడి నిలిచేదేమోనని మాత్రం అనుకుంటాను. తినడానికి కింద కట్టె లేక కాబోలు, చెదలు చెట్టు బెరడు మీద మట్టి కట్టాయి. అది చూసి మందు కొట్టించారు. పిట్టలు రావడం తగ్గింది. మా ఆవిడ మాత్రం పొద్దున్నే బాల్కనీలోకి తీసుకుపొమ్మనేది, చెయ్యెత్తి చూపడానికి ఏమీ లేకపోయినా.

ఒకరోజు ఎండుకొమ్మ విరిగి కారు మీద పడింది. కారులో ఎవరూ లేరు, దేవుని దయ. అనుమతులు తెచ్చి చెట్టు తీసేయాలని తీర్మానించారు. మానులోంచి ఒక్క దుంగనైనా ఆ బండల పక్కన వదిలేయించమని అల్లుణ్ణి అడిగాను. ఇన్నేళ్ళలో అతన్ని నేను అడిగింది అదొక్కటే. అతను కమిటీలో గట్టిగానే వాదించాడట, చెదలొస్తాయని మిగిలినవాళ్ళు ఒప్పుకోలేదట. ఇంటికి వచ్చి చెప్పేటప్పుడు అతని మొహం చూసి నేనే ఓదార్చాల్సి వచ్చింది.

కొట్టే రోజున, మిషన్లు మొదలుకాకముందే ఆవిడ కుర్చీని హాలువైపు తిప్పుదామని వెళ్ళాను. కుర్చీ మీద నా చెయ్యి పడగానే ఆవిడ ఎడమచేత్తో ఆ చెయ్యి తీసేసింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీసేసింది. సరేనని పక్కన స్టూలు వేసుకొని నేనూ కూర్చున్నాను. క్రేను చెట్టును నేలకు తగలనివ్వలేదు. ముక్కలు ముక్కలుగా కోసి గాలిలోనే అందుకొని దింపింది. చిన్నకొమ్మలను పక్కనే నిలిపిన మిషనులో వేసి పొట్టు చేశారు, ఆ పొట్టు కూడా బస్తాలకెత్తి తీసుకుపోయారు. మొదలు తవ్వేసి మట్టి కప్పి, సాయంత్రానికల్లా ఆ ఊడ్చే అమ్మాయి చేతే ఊడిపించారు. మా ఆవిడ ఏడవలేదు, శబ్దం కూడా చేయలేదు. చివరిదాకా చూసింది.

నిన్నటి ఫొటో సరిగ్గా అక్కడే తీశారు. ఎవరినీ నిష్ఠూరమాడటానికి నోరు రావడం లేదు నాకు. పాము భయం నిజం, కారు మీద పడ్డ కొమ్మ నిజం, ఆ అమ్మాయి నౌకరీ నిజం, అల్లుడి మంచితనం అన్నిటికంటే నిజం. మా రోజుల్లో చెట్టు చచ్చిపోయినా ఉన్న చోటే ఉండనిచ్చేవాళ్ళం, దాని పనిని అది తీరిగ్గా చేసుకునేది. ఇక్కడ చెట్లను బతికినన్నాళ్ళు బాగానే చూస్తారు, మందులు కొడతారు, బోర్డులు తగిలిస్తారు. చచ్చిందంటే మాత్రం సాయంత్రానికల్లా జాడ ఉండకూడదు. మనుషుల విషయంలోనూ ఇంచుమించు అంతే అయిపోయింది అనుకోండి. ఆ అడవిలో ఉన్నప్పుడు చేతిలో ఏమీ లేకపోయినా, చూద్దాం లే, ఇంకో పదేళ్ళు ఆగితే తెలుస్తుంది కదా అనే ధీమా ఉండేది. ఇప్పుడు ఇవాళే కనికరించి ఎవరైనా ఒక దుంగ తెచ్చి అక్కడ పడేయనిచ్చినా, అది పుచ్చి, నేల మెత్తబడి, పక్కనున్న వేప కాస్త లావెక్కడం చూడటానికి మేమిద్దరం ఉండం.

బాల్కనీలోకి ఎండ నేరుగా కొడుతోందని అల్లుడు ఆకుపచ్చ నెట్ తెచ్చి కట్టించాడు. దాని నీడలో కుర్చీ వేస్తే ఎండ తగలదు, ఇబ్బందేమీ లేదు. మా ఆవిడ మాత్రం కూర్చోగానే, దాన్ని పక్కకు లాగమని ఎడమచెయ్యి ఊపుతుంది. అక్కడ చూడటానికి ఏమీ లేదని తనకూ తెలుసు, నాకూ తెలుసు. రోజూ లాగుతాను.